వీడియో ఆటలో కంప్యూటరు మోసం చేస్తుందా?

హనుమంతుడిది రామాయణం. శ్రీకృష్ణుడిది భారత భాగవతాలు. ఒకరిది త్రేతాయుగం, మరొకరిది ద్వాపరయుగం. అయినా వాళ్లిద్దరూ తలపడితే ఎలా ఉంటుందో చూడాలని మనవాళ్లకు సరదా. 1972లో ఎన్.టి. రామారావు కృష్ణుడిగా వచ్చిన సినిమా పేరే ‘శ్రీకృష్ణాంజనేయ యుద్ధం’. ఒక కథలోని వీరుణ్ణి తెచ్చి మరో కథలోని వీరుడి ఎదుట నిలబెట్టే ఈ సరదానే జపాన్‌లో ఒసాకాకు చెందిన ఎస్.ఎన్.కె. సంస్థ వీడియో ఆటగా మలిచింది. ఆ ఆట పేరు ‘ద కింగ్ ఆఫ్ ఫైటర్స్’. మొదటిది 1994లో వచ్చింది. నాణెం వేసి ఆడే గదుల ద్వారా మన దేశంలోని చిన్న పట్టణాలదాకా చేరి బాగా పేరు తెచ్చుకున్నది మాత్రం 1997లో వచ్చిన నాలుగోది. అలాంటి గదులు చాలావరకు మూతపడ్డాయి. ఆట సెల్‌ఫోనులోకి దిగింది.

మా ఆదోని, ఎమ్మిగనూరు వైపు పిల్లలకు దీనిమీద ఒక ఫిర్యాదు ఉంది. “సార్, ఆ కంప్యూటరు మోసం చేస్తాది. నేనేం కొడతానో దానికి ముందే ఎట్ల తెలుస్తాది?” అంటారు. తమకే చురుకు తక్కువేమోనని దిగులుపడేవాళ్లూ ఉన్నారు. ఈ ఫిర్యాదును నవ్వి కొట్టిపారేయకూడదు. ఆట లోపల ఏం జరుగుతోందో చూద్దాం.

ఎమ్మిగనూరు నేతకు పేరున్న ఊరు కదా! చీర అంచులో నెమలి బొమ్మ నేయాలంటే ముందు గళ్ల కాగితంమీద బొమ్మ గీసుకుంటారు. ఏ గడిలో ఏ రంగో తేలిపోతే, ఏ పోగు పైకి లేవాలో తెలిసిపోతుంది. వీడియో ఆటలోని బొమ్మ కూడా గళ్ల బొమ్మే. 1990లో వచ్చిన ‘నియో జియో’ అనే యంత్రంమీద ఈ ఆట నడిచేది. దాని తెరమీద అడ్డంగా 320, నిలువుగా 224 గళ్లు, అంటే మొత్తం 71,680 చుక్కలు. మల్లయోధుడు, అతని వెనకనున్న వీధి, చూస్తున్న జనం, అన్నీ చిన్నచిన్న బొమ్మ ముక్కలుగా దాచి ఉంటాయి. యంత్రం వాటిని ఏరి తెరమీద పేరుస్తుంది. సెకనుకు ఒకసారి కాదు, దాదాపు 60 సార్లు! అలా పేర్చిన ఒక్కొక్క బొమ్మను ‘ఫ్రేము’ అంటారు. ఆటకు గడియారం ఈ ఫ్రేమే.

ఇప్పుడు ఒక దెబ్బను తీసుకుందాం. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు కాలు చాపడం మీరు చూసే ఉంటారు. ముందు ఒళ్లు వంచుతాడు, తర్వాత కాలు తగులుతుంది, ఆ తర్వాత కాలు వెనక్కి తీసుకోవాలి. తీసుకునేలోపు అవతలివాళ్లు పట్టేశారా, అంతే! వీడియో ఆటలోని ప్రతి దెబ్బకూ ఈ మూడు భాగాలుంటాయి. ఏ భాగం ఎన్ని ఫ్రేములో ముందే రాసిపెట్టి ఉంటుంది. చిన్న గుద్దు త్వరగా తగులుతుంది, త్వరగా ముగుస్తుంది. పెద్ద తన్ను బలమైనదే కాని, గురి తప్పితే తన్నినవాడు చాలాసేపు నిస్సహాయుడిగా నిలబడిపోతాడు. ఈ లెక్క ఈరోజు ఒకలా రేపు ఒకలా ఉండదు. ఈ ఆట గొప్పతనమంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఓపికగా గమనించేవాడికి పాఠం దొరుకుతుంది.

మరి మన చురుకెంత? ఒక ప్రయోగం చేయండి. మీ స్నేహితుణ్ణి 30 సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టుకోమనండి. కింద సున్న గీత దగ్గర మీ బొటనవేలు, చూపుడువేలు తెరిచి ఉంచండి. అతను చెప్పకుండా వదలాలి, మీరు పట్టుకోవాలి. 20 సెంటీమీటర్ల దగ్గర దొరికిందనుకుందాం. పడే వస్తువు దూరానికి మీరు చదువుకున్న సూత్రం ప్రకారం, దూరాన్ని రెండుతో హెచ్చించి, 9.8తో భాగించి, వర్గమూలం తీయండి. దూరాన్ని మీటర్లలో, అంటే 0.2గా వేయడం మరిచిపోకండి! వచ్చేది సుమారు 0.2 సెకను. కన్ను చూసి, మెదడు ఆలోచించి, నరం ద్వారా కబురు వేలికి చేరడానికి పట్టిన కాలం అదే. ఆట గడియారంలో అది 12 ఫ్రేములు.

చిన్న గుద్దేమో నాలుగైదు ఫ్రేముల్లోనే తగిలేస్తుంది. కనుక దాన్ని చూసి కాచుకోవడం ఏ మనిషికీ సాధ్యం కాదు. మంచి ఆటగాడు చేసేది ఊహించడం; ‘ఇంత దగ్గరికి వచ్చాడు, ఇక గుద్దుతాడు’ అని ముందే కాచుకుంటాడు. ఎగిరి వచ్చి తన్నే దెబ్బకు ఎక్కువసేపు పడుతుంది కనుక దాన్ని మాత్రం చూసి ఎదుర్కోవచ్చు.

కంప్యూటరుకు కన్ను లేదు, నరం లేదు. మీరు మీట నొక్కగానే ఆ సంగతి యంత్రంలోకే పోతుంది. ఆదేశాలు రాసినవారు కోరుకుంటే కంప్యూటరు వీరుడు అదే ఫ్రేములో దాన్ని చదివి కాచుకోగలడు. మనకున్న 12 ఫ్రేముల ఆలస్యం వాడికి లేదు. ఆడేవాళ్లు విసిగిపోకుండా ఉండటానికి రాసినవారే వాణ్ణి అప్పుడప్పుడు తప్పు చేయనిస్తారు. ఎంత కష్టంగా ఆడాలన్నది మార్చే ఏర్పాటు కూడా యంత్రంలో ఉంటుంది. ఆట త్వరగా ముగిస్తే మరో నాణెం పడుతుంది కదా! చివర వచ్చే ఒరోచి అనే ప్రతినాయకుడు అంత మొండివాడు కావడంలో వింత లేదు. పిల్లల ఫిర్యాదులో నిజముందన్నమాట. అయితే ఆ కంప్యూటరుకు ఒక మూఢత్వం కూడా ఉంది. ఒకే ఎత్తుకు అది మళ్లీమళ్లీ ఒకేలా బదులిస్తుంది. ఆ ఎత్తు కనిపెట్టిన కుర్రవాడు దాన్ని పదిసార్లు పడగొడతాడు!

1997 ఆటకు ఇంకో లోపం ఉంది, అది లెక్కల లోపం. ఇందులో మామూలుగా ఎంచుకోగల వీరులు 29 మంది. టెరీ 1991 నాటి ‘ఫేటల్ ఫ్యూరీ’ నుంచి, రియో 1992 నాటి ‘ఆర్ట్ ఆఫ్ ఫైటింగ్’ నుంచి వచ్చారు. రాల్ఫ్, క్లార్క్ అయితే 1986 నాటి ‘ఇకారీ వారియర్స్’లో పైనుంచి చూస్తే కనిపించే, తుపాకీ పేల్చే చిన్న సైనికులు! వాళ్లను పిడిగుద్దులకు దింపి, అందరినీ ఒకే నియమానికి తేవాలి. 29 మందిలో ఇద్దరిద్దరిని జత చేస్తే 406 జతలు. ఇంకొక్కణ్ణి చేర్చితే మరో 29 జతలు పెరుగుతాయి. ప్రతి జతలోనూ పోటీ సమానంగా ఉందా అని పరీక్షించాలి. ఏటా కొత్త ఆట తేవాలన్న తొందరలో అది ఎలా కుదురుతుంది? గోరో డైమన్, చిజురు వంటివారు మిగతావారికంటే బలవంతులై కూర్చున్నారు. కొందరి దెబ్బలను గొలుసుగా కలిపితే ఎదుటివాడు కాలు కదపకుండానే ఓడిపోతాడు. కంప్యూటరు చేసే మోసంకంటే నాకు ఇదే పెద్ద లోపంగా తోస్తుంది. ఇద్దరు స్నేహితులు ఆడుకునేటప్పుడు కూడా ఇది వదలదు. చాలా పోరాటాల్లో సంగీతం లేక ఒట్టి జనం చప్పుడే వినిపించడం దీనిముందు చిన్న విషయం.

ముగ్గురు వీరుల జట్టును ఎవరి తర్వాత ఎవరో మనమే వరుసపెట్టుకోవడం మాత్రం చక్కని ఏర్పాటు. బలవంతుణ్ణి ముందు దింపాలా, చివరికి దాచుకోవాలా అన్నది కబడ్డీ జట్టు నాయకుడి ఆలోచన వంటిదే.

ఫోనులో ఆడేవారికి ఇంకో చిక్కు. పాత యంత్రంలో కర్రను అర్ధవృత్తంగా తిప్పితే అది ఎటు వంగిందో చేతికే తెలిసేది. గాజుమీద అంచూ లేదు, మిట్టా లేదు. చూపు శత్రువుమీద ఉండగా బొటనవేలు ఎటో జారిపోతుంది. పైగా గాజు తాకిడిని ఫోను గుర్తించి తెరమీద చూపేసరికి మరికొన్ని ఫ్రేములు గడుస్తాయి. మీ స్కేలు చూపిన 12కు వాటిని కూడా కలుపుకోవలసిందే.