ఎరిగి మెచ్చుట

'కృతజ్ఞత' అనే పదం వ్యుత్పత్తిని పరిశీలిస్తే, చేసినదానిని ఎరిగి ఉండుట అనే అర్థం లభిస్తుంది. మెచ్చుకొనడానికి ముందు ఎరుగవలె. వైద్యశాలలో చిక్కంతా ఈ ఎరుక దగ్గరే ఉన్నది.

శస్త్రచికిత్స చేసిన వైద్యుని పేరు రోగి బంధువులందరికీ గుర్తుంటుంది. కాని కదలలేని రోగిని రెండు గంటలకొకసారి ఒత్తిగిలజేసి, వీపున పుండ్లు పడకుండా కాపాడిన నర్సు పేరు ఎందరికి తెలుసు? ఆమె పని సక్రమంగా జరిగినదనడానికి నిదర్శనం పుండు లేకపోవడమే. లేనిదానిని ఎవరు చూస్తారు? పరికరాలను ఆవిరితో శుద్ధిచేసే ఉద్యోగి, వార్డును తుడిచే ఆయా, స్ట్రెచర్‌ను కుదుపు లేకుండా నడిపే వార్డుబాయ్, వీరందరి నేర్పు ఇట్టిదే. పొరపాటు జరిగిననాడు మాత్రమే వీరు లోకదృష్టికి వస్తారు.

ఆధునిక నర్సింగ్ వృత్తికి పునాది వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట అంతర్జాతీయ రెడ్‌క్రాస్ 1912లో ఒక పతకాన్ని, భారత ప్రభుత్వం 1973లో జాతీయ పురస్కారాన్ని నెలకొల్పాయి. ఇవి గౌరవప్రదమైనవే, అయితే కొందరికే అందుతాయి, ఒక్కొక్కప్పుడు ఆలస్యంగా అందుతాయి. 2018లో కేరళలో నిపా వ్యాధి ప్రబలినప్పుడు, పేరాంబ్ర తాలూకా ఆసుపత్రి నర్సు లినీ పుదుశ్శేరి రోగికి సేవచేసి, తానే ఆ వ్యాధికి గురియై మరణించారు. జాతీయ పురస్కారం ఆమెకు మరణానంతరమే లభించింది.

2020 మార్చి 22 సాయంత్రం దేశప్రజలు వాకిళ్లలో నిలిచి వైద్య సిబ్బంది కోసం చప్పట్లు కొట్టారు. ఆ రోజులలోనే కొందరు యజమానులు అద్దె ఇండ్లను ఖాళీ చేయుమని వైద్యులను, నర్సులను ఒత్తిడి చేశారు. సరిగా నెలకు, ఏప్రిల్ 22న, వారిపై దాడులను బెయిలుకు వీలులేని నేరంగా నిర్ణయిస్తూ కేంద్రం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అందరికీ కలిపి కొట్టిన చప్పట్లు ఏ ఒక్కరి ముఖాన్నీ గుర్తుపెట్టుకొనలేదు.

అమెరికాలో పుట్టిన 'డైసీ' పురస్కారం మార్గం వేరు. 1999లో వ్యాధితో మరణించిన ఒక యువకుని కుటుంబం, అతనికి సేవచేసిన నర్సుల ఆదరణను మరువలేక దీనిని ఆరంభించింది. ఇందులో రోగులు, వారి బంధువులు తాము పొందిన సేవను స్వయంగా వ్రాసి పంపవచ్చు. పై అధికారికి కనపడనిది మంచం మీద ఉన్నవానికి కనపడుతుంది గదా!

అట్లు వ్రాయడానికి పురస్కారమే ఉండనక్కరలేదు. సూపరింటెండెంటు పేర ఒక కాగితం చాలు. 'నర్సులు బాగా చూసినారు' అని వ్రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. అర్ధరాత్రి తండ్రికి ఆయాసం వచ్చినప్పుడు ఫలానా నర్సు మంచం తలవైపు ఎత్తి, ప్రాణవాయువు అమర్చి, వైద్యుని పిలిపించినదని పేరుతో, తేదీతో వ్రాయాలి.