ఆకు పసరుకు అగర్ పరీక్ష

దెబ్బ తగిలితే ఏదో ఒక ఆకు నలిపి పసరు పిండడం మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. ఆ పసరు బ్యాక్టీరియాను నిజంగా ఆపుతుందా అన్నది తేల్చేది మైక్రోబయాలజీ ల్యాబ్.

నీడన ఆరిన ఆకుల్ని పొడి చేసి నీటిలోనో, ఇథనాల్‌లోనో, హెక్సేన్‌లోనో నానబెట్టి సారం తీస్తారు. సగం కథ ఇక్కడే తేలిపోతుంది. పసుపులోని కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. నీళ్లలో తీసిన సారం పనిచేయలేదని పసుపును తోసిపుచ్చలేం. వెల్లుల్లిది మరో తీరు. దాని ఘాటైన అల్లిసిన్ రెబ్బలో ముందుగా ఉండదు, నలిపినప్పుడు అల్లినేజ్ అనే ఎంజైము దాన్ని పుట్టిస్తుంది. నలపకుండా ఉడికిస్తే ఆ ఎంజైమే చెడిపోతుంది.

తర్వాత ముల్లర్-హింటన్ అగర్ గట్టిపడిన పెట్రీ పళ్లెం మీద బ్యాక్టీరియాను పూసి, చిన్న గుంతలు చేసి సారం పోస్తారు. సుమారు 37 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచితే బ్యాక్టీరియా పొరలా కమ్ముకుంటుంది. సారం అడ్డుకున్న మేర గుంత చుట్టూ తేటగా వలయం కనిపిస్తుంది. దాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. పక్క గుంతల్లో ఒకదానిలో ఉత్త ద్రావకం, ఇంకోదానిలో తెలిసిన యాంటీబయాటిక్ ఉండి తీరాలి. ఆల్కహాల్ కూడా బ్యాక్టీరియాను చంపుతుంది కదా!

వలయం పెద్దదైతే మందు గొప్పదని చెప్పలేం. పెద్ద అణువులు అగర్‌లో నెమ్మదిగా పాకుతాయి. అందుకే 96 గుంతల పలకలో సారాన్ని వరసగా సగానికి సగం పలచన చేస్తూ పోతారు. రెసాజురిన్ రంగు కలిపితే బ్యాక్టీరియా పెరిగిన గుంత నీలం నుంచి గులాబీకి మారుతుంది. నీలంగానే మిగిలిన అతి తక్కువ మోతాదే అసలు లెక్క. ‘ఫలానా మొక్క సూక్ష్మజీవుల్ని చంపింది’ అన్న వార్త చూసినప్పుడు పాఠకుడు అడగాల్సింది ఈ అంకెనే.

ఏ బ్యాక్టీరియా మీద పరీక్షించారన్నదీ ముఖ్యమే. ఇ.కోలై లాంటి గ్రామ్-నెగటివ్ జాతులకు అదనంగా బయటి పొర ఉంటుంది. చాలా మొక్కల సారాలు దాని దగ్గరే ఆగిపోతాయి.

ఒక్కో పదార్థాన్ని విడిగా పరీక్షించినా పొరపడొచ్చు. దారుహరిద్ర కుటుంబపు పలు మొక్కల్లో పసుపుపచ్చటి బెర్బెరిన్ ఉంటుంది. విడిగా ఇస్తే స్టెఫైలోకాకస్ ఆరియస్ మీద దాని ప్రభావం తక్కువ. ఆ బ్యాక్టీరియా నోర్-ఏ అనే పంపుతో దాన్ని బయటికి తోసేస్తుంది. అమెరికాలో పెరిగే ఇదే కుటుంబపు కొన్ని మొక్కలు ఆ పంపును అడ్డుకునే మరో పదార్థాన్ని కూడా తయారుచేసుకుంటాయని 2000లో అక్కడి శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఆ రెండో పదార్థానికి సొంతంగా బ్యాక్టీరియాను చంపే గుణం లేదు. ఒంటరిగా అగర్ గుంతలో పోసి ఉంటే దాని చుట్టూ వలయమే ఏర్పడేది కాదు.