మాజీ సైనికుల సంఘములు – యువసభ్యులు

అమెరికా అంతర్యుద్ధమున ఉత్తరపక్షమున పనిచేసిన సైనికులు 1866లో ‘గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ది రిపబ్లిక్’ అను సంఘమును స్థాపించిరి. 1890 నాటికి సభ్యులు నాలుగు లక్షలు దాటిరి. అయినను ఆ యుద్ధమున సేవచేసినవారికే సభ్యత్వమను నియమమును సడలింపరైరి. 1956లో కడపటి సభ్యుడు ఆల్బర్ట్ వుల్సన్ (డోలు వాయించుటకు సైన్యమున చేరిన బాలుడాతడు!) గతించుటతో సంఘము కూడ అంతరించెను.

మొదటి ప్రపంచయుద్ధ సైనికులు 1919లో నెలకొల్పిన అమెరికన్ లీజియన్ త్రోవ వేరు. రెండవ యుద్ధము జరుగుచుండగనే, 1942లో, అది ఆ యుద్ధపు సైనికులకు తలుపు తెరచెను. తెరచినంతనే పడుచువారు వత్తురా? వారికి కావలసినది చదువు, ఇల్లు, ఉద్యోగము. లీజియన్ పెద్దలు పాటుపడగా 1944లో అందులకై శాసనము వచ్చెను, లక్షలమంది కళాశాలలకేగిరి. పాత యుద్ధకథలకన్న ఇదియే వారిని సంఘమునకు చేరువ చేసెనని నా తలంపు. 1941 డిసెంబరు 7 మొదలుకొని ఏ కాలమున గౌరవముగ సేవచేసినవారినైనను చేర్చుకొనవచ్చునని 2019లో మరియొక శాసనమయ్యెను.