పెంటకుప్ప నుండి కంపోస్టు డ్రమ్ము వరకు: పటాన్‌చెరు పెరళ్లలో ఎరువు తయారీ

తెలంగాణ పల్లెల్లో పేడ, ఊడ్చిన చెత్త చేరే చోటు పెంటకుప్ప. అక్కడ మాగిన ఎరువు వేసవిలో పొలానికి చేరేది. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో 1970ల నుండి పొలాల స్థానే పరిశ్రమలు, కాలనీలు వెలసిన కొద్దీ ఆ కుప్పకు చోటు కరవైంది. ఇరుసుపై తిరిగే కంపోస్టు డ్రమ్ము ఆ లోటును కొంతవరకు తీర్చగలదు.

డ్రమ్మును తిప్పినప్పుడు లోపలికి గాలి చేరుతుంది. గాలి అందిన సూక్ష్మజీవులు దుర్వాసన లేకుండా వ్యర్థాలను విచ్ఛిన్నం చేస్తాయి. వంటింటి పచ్చి వ్యర్థాలకు ఎండుటాకులు కలిపి, కర్బన, నత్రజనుల నిష్పత్తి సుమారు 30:1 ఉండేటట్లు చూడాలి. పిడికిట పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తేమ చాలు. రెండు అరలున్న డ్రమ్ము మేలు. ఒకటి నిండుతుండగా మరొకటి మాగుతుంది.

పారిశ్రామిక ప్రాంతంలో దీనికి తోడు మరొక జాగ్రత్త అవసరం. రసాయనాలు నిల్వచేసిన పాత డ్రమ్ములు చవకగా దొరికినా కొనరాదు. పరిశ్రమల వ్యర్థజలాలు పారిన నక్కవాగు పూడికమట్టిని, కర్మాగారాల బూడిదను ఎరువులో కలపరాదు. మాగడం వల్ల సేంద్రియ పదార్థం మారుతుంది గాని సీసం, ఆర్సెనిక్ వంటివి నశించవు. పైగా ఎరువు పరిమాణం తగ్గే కొద్దీ వాటి గాఢత పెరుగుతుంది. ఆ ఎరువుతో పెంచిన ఆకుకూర ద్వారా అవి కంచంలోకి చేరగలవు.