ఓటుయంత్రము – ఓడినవాని నమ్మకము

ఎన్నికలో గెలిచినవానిని ఒప్పించుటకు ఎవ్వరును శ్రమపడ నక్కరలేదు. ఓడినవాని చేత “ఔను, ప్రజలు నన్ను వలదనిరి” అనిపించుటయే ఎన్నిక చేయవలసిన అసలు పని. రక్తపాతము లేకుండ అధికారము చేతులు మారుటకు ఆ ఒప్పుదలయే ఆధారము. నాలుగు దశాబ్దములకు పైగా మన దేశమున ఓటుయంత్రమును గూర్చి సాగుచున్న వాదము పైకి ఒక పరికరమును గూర్చినదిగా కనిపించును. లోతునకు పోయి చూచినచో అది ఈ ఒప్పుదలను గూర్చినదే.

1951-52 లో మొదటి సార్వత్రిక ఎన్నిక జరిగినపుడు ఓటర్ల సంఖ్య 17 కోట్లకు పైబడినది. వారిలో అత్యధికులు చదువు రానివారు. అందుచేత ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టెను కేటాయించి, దానిపై అతని గుర్తును అతికించిరి. తమకు నచ్చిన గుర్తుగల పెట్టెలో చీటిని వేయుటయే ఓటరు పని. తరువాత, అందరి గుర్తులును అచ్చయిన ఒకే చీటిపై ముద్ర వేయు పద్ధతి వచ్చినది. చీటి కంటికి కనబడును. లెక్కింపు బల్ల యెదుట కూర్చున్న ఏజెంటు దానిని చూచి తృప్తిపడగలడు. కాని దౌర్జన్యపరులు పోలింగు కేంద్రమును ఆక్రమించి కట్టలకు కట్టలు ముద్రలు గుద్ది పెట్టెలు నింపుటయు ఈ పద్ధతిలోనే సాధ్యమైనది. ముద్ర రెండు గడుల నడుమ పడి చెల్లకపోయిన ఓట్లకు లెక్కలేదు. 1996 లో నల్లగొండ లోక్‌సభ స్థానమునకు, ఫ్లోరైడు నీటి బాధను దేశమునకు చాటుటకై పలువురు నామపత్రములు వేయగా, 480 మంది అభ్యర్థులు నిలిచిరి. ఓటుచీటి ఒక పుస్తకమంత ఆయెను.

యంత్రము కావలెనను ఆలోచన ఎన్నికల సంఘమునకు 1977 లో కలిగెను. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ 1979 లో నమూనాను సిద్ధపరచెను. 1982 మే నెలలో కేరళలోని పరవూరు శాసనసభా స్థానమున 50 పోలింగు కేంద్రములలో యంత్రములను వాడి చూచిరి. అప్పటి కథ నేటికిని మననము చేయదగినది. యంత్రము వలదని పోలింగునకు ముందే న్యాయస్థానమునకు పోయినవారు శివన్ పిళ్ళై. తీరా 123 ఓట్ల ఆధిక్యముతో గెలిచినది ఆయనయే! అంతట ఓడిన ఎ. సి. జోస్ న్యాయస్థానము మెట్లెక్కిరి. యంత్రముతో ఓటు వేయించుటకు చట్టములో చోటు లేదని సుప్రీంకోర్టు 1984 మార్చి 5 న తీర్పు చెప్పి, ఆ 50 కేంద్రములలో మరల పోలింగునకు ఆజ్ఞాపించెను. ఈ మారు జోస్ గెలిచిరి. 1988 డిసెంబరులో పార్లమెంటు చట్టమును సవరించి యంత్రమునకు చోటు కల్పించినది. 1998 లో 16 శాసనసభా స్థానములలో మొదలై, 2004 నాటికి లోక్‌సభ స్థానములు 543 లోను యంత్రములే నెలకొనెను.

పరవూరులో కనిపించిన తీరే తరువాతను కొనసాగినది. 2009 లో భారతీయ జనతా పార్టీ ఓడెను; మరుసటి యేడు ఆ పార్టీకి చెందిన జి. వి. ఎల్. నరసింహారావు యంత్రములను శంకించుచు గ్రంథము వ్రాయగా, అద్వానీ దానికి ముందుమాట వ్రాసిరి. 2014 లో ఆ పార్టీ అధికారమునకు వచ్చెను. శంక ప్రతిపక్షముల వంతైనది. 2019 లో చంద్రబాబునాయుడు మొదలగు 21 పార్టీల నాయకులు సుప్రీంకోర్టు నాశ్రయించిరి. “ఆడలేక మద్దెల ఓడు” అను సామెత ఇట్టివారికై పుట్టినదే యని నవ్వుకొనువారు కలరు. కాని మద్దెల ఓడో కాదో తేలవలెనన్న దానిని వాయించి చూడక తప్పదు కదా!

యంత్రము పక్షమున చెప్పదగిన మాటలు బలమైనవే. దానికి ఏ తంతిజాలముతోను సంబంధము లేదు. నిమిషమునకు నాలుగైదు ఓట్లకు మించి అది గ్రహింపదు. కనుక దౌర్జన్యపరులకు తొందర సాగదు. పోలింగునకు ముందు ఏజెంట్ల యెదుటనే కనీసము 50 ఓట్లు వేసి, లెక్క సరిచూచి, సీలు వేయుదురు. 2019 లో నిజామాబాదున పసుపు రైతులు, ఎఱ్ఱజొన్న రైతులు పెద్దయెత్తున పోటీకి దిగగా అభ్యర్థుల సంఖ్య 185 కు చేరెను. ఒక్కొక్క కేంద్రమున 12 ఓటు పెట్టెలను వరుసగా కలిపి పోలింగు నడపిరి.

ఎదుటి పక్షము ప్రశ్నయు తక్కువది కాదు. యంత్రమును విప్పగలిగినచో దానిని మార్పు చేయవచ్చునని 2010 లో హరిప్రసాద్ మొదలగు పరిశోధకులు ఒక యంత్రముపై చేసి చూపిరి. సీలు వేసి కాపలా పెట్టిన యంత్రమును ఎవ్వరును తాకజాలరని ఎన్నికల సంఘము బదులు చెప్పెను. అయినను అంతకు ముందు యేడే జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానము వేరొక సూత్రము చెప్పి యుండెను: ప్రత్యేక సాంకేతిక జ్ఞానము లేని సామాన్య పౌరుడు సైతము ఓటు లెక్కను పరీక్షించుకొన గలుగవలెను. యంత్రము తప్పు చేసినదా లేదా అన్నది కాదు, చేయలేదని సామాన్యునకు తెలియునదెట్లు అన్నదే అక్కడి ప్రశ్న.

మన దేశము కనుగొన్న సమాధానము కాగితమును మరల పిలుచుట. 2013 లో సుప్రీంకోర్టు కాగితపు ఆధారము తప్పనిసరి యని పలికెను. అట్లు వచ్చిన వీవీప్యాట్ అను పరికరమున, ఓటు పడిన గుర్తు ముద్రించిన చీటి ఏడు సెకండ్లు ఓటరు కంటికి కనబడి పెట్టెలో పడును. 2019 లో, ప్రతి శాసనసభా పరిధిలో ఒకటికి బదులు అయిదు కేంద్రముల చీటీలను లెక్కించి యంత్రముతో సరిచూడవలెనని ఆజ్ఞ అయినది. చీటీలన్నియు లెక్కింపవలెనన్న కోరికను 2024 ఏప్రిల్ 26 న న్యాయస్థానము త్రోసిపుచ్చినది. అయితే రెండవ, మూడవ స్థానములలో నిలిచిన అభ్యర్థులు వ్రాతమూలముగ కోరినచో నూటికి అయిదు యంత్రములను పరీక్షింపవలె నన్నది. ఆ హక్కు దక్కినది ఓడినవారికే యన్నది గమనింపదగినది.

చట్టము వచ్చుటకు ఒక శంక కారణము; చీటి వచ్చుటకు ఒక శంక కారణము; పరీక్ష వచ్చుటకు ఒక శంక కారణము. శంకించినవారిలో స్వార్థపరులు ఉండవచ్చును. ఫలము మాత్రము అందరిదైనది. ఎన్ని చీటీలు లెక్కించిన చాలునను వాదము ఇంకను ముగియలేదు, ముగియనక్కరలేదు. లెక్కల ఉపాధ్యాయుడు జవాబు సరియైనంత మాత్రమున తృప్తిపడడు, మెట్లు చూపుమనును. విద్యార్థిపై అపనమ్మకము చేత కాదు, మెట్లు లేని జవాబును ఇంకొకరు సరిచూడలేరు గనుక. ప్రజల తీర్పునకును ఆ నియమమే చెల్లును.