పది గేర్ల బండికి ఒంటి గేరు బతుకు

1970ల మొదట్లో అమెరికాకు సైకిల్ పిచ్చి పట్టింది. అంతదాకా పిల్లల ఆటవస్తువుగా చూసినదాన్ని పెద్దవాళ్లు ఎగబడి కొన్నారు. ఒక్క 1973లోనే దాదాపు కోటిన్నర అమ్ముడుపోయాయి. అందరి కన్నూ పది గేర్ల బండి మీదే: వంపు హ్యాండిలు, సన్నటి టైర్లు, ముందు రెండు పళ్లచక్రాలు, వెనక అయిదు. మోజు తీరాక వాటిలో చాలా బళ్లు గ్యారేజీల పాలయ్యాయి. గేరు వైర్లు తుప్పుపట్టాయి. ఫ్రాన్స్ నుంచి వచ్చిన కొన్ని బళ్లలో, చైనును ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి తోసే ప్లాస్టిక్ డిరైలర్లు చిట్లాయి. ఉక్కు ఫ్రేము మాత్రం చెక్కుచెదరలేదు. గేర్లన్నీ పీకేసి, ఒక్కటే ఉంచి, రోజూ ఆఫీసుకు తొక్కుకోవచ్చని నచ్చజెప్పినవాళ్లలో మసాచుసెట్స్‌లోని న్యూటన్‌లో పనిచేసిన మెకానిక్ షెల్డన్ బ్రౌన్ (1944–2008) ఒకరు.

ఇది సాధ్యం కావడానికి కారణం వెనక ఇరుసు కూర్చునే గాడి. పాత ఫ్రేముల్లో అది అడ్డంగా, పొడుగ్గా ఉంటుంది. డిరైలర్‌ను టూర్ డి ఫ్రాన్స్ పోటీదారులందరికీ అనుమతించింది 1937లో. అంతకుముందు చక్రానికి రెండు పక్కలా వేర్వేరు సైజుల పళ్లచక్రాలుండేవి. ఎత్తు వస్తే దిగి, నట్లు విప్పి, చక్రం తిప్పి పెట్టుకోవడమే. పళ్లు మారితే చైను వదులవుతుంది, అందుకే ఇరుసు జరగడానికి చోటు కావాలి. డిరైలర్ వచ్చాక అంత చోటు అక్కర్లేకపోయినా గాడి మాత్రం చాలా ఏళ్లు అలాగే ఉండిపోయింది.

దాని పొడవు వెనక చిన్న లెక్క ఉంది. చైను లింకు అరంగుళం. లోపలి లింకు, బయటి లింకు జతగా పోతాయి కాబట్టి మామూలు చైనును కోస్తే అంగుళం కోయాలి, తక్కువ కుదరదు. చైను పైనొక వరస, కిందొక వరస నడుస్తుంది గనక ఆ అంగుళం తేడా ఇరుసు దగ్గర అరంగుళమే అవుతుంది. గాడిలో అంత చోటుంటే ఏ పళ్ల జోడీకైనా బిగుతు కుదిరిపోతుంది. హీరో, అట్లాస్ తొక్కి పెరిగిన మనకు ఇదేమంత వింత కాదు. చైను వదులైతే షాపతను వెనక నట్లు సడలించి చక్రాన్ని లాగి బిగించడం చూసినవాళ్లమే. తర్వాతి రోడ్డు ఫ్రేముల్లో గాడి నిలువుగా మారింది. వాటికి చైను బిగించే అదనపు పరికరం తగిలించాలి, అప్పుడిక ఈ తంటా ఎందుకనిపిస్తుంది.

అసలు ఓపిక పట్టాల్సింది చైను వరస దగ్గర. ముందు పళ్లచక్రం ఫ్రేము నడిమి గీతకు ఎంత దూరంలో ఉందో వెనకది కూడా అంతే దూరంలో ఉండాలి. అయిదు పళ్లచక్రాల ఫ్రీవీలు తీసి ఒంటిది పెడితే అది పుల్లల వైపు జరిగిపోతుంది. ఇరుసు మీద కుడివైపు వాషర్లు తీసి ఎడమకు వేయాలి, ఆ పైన పుల్లలు బిగించి, సడలించి రిమ్మును మళ్లీ నడిమికి తేవాలి. పాత ఫ్రెంచి హబ్బు అయితే ఇంకో చిక్కు. దాని మరచుట్టు 34.7 మి.మీ.; ఇంగ్లిష్ ఫ్రీవీలుది 1.37 అంగుళాలు, అంటే సుమారు 34.8. కాస్త ఎక్కినట్టే ఎక్కి పట్టేస్తుంది. బలవంతం చేస్తే హబ్బు మర అరిగి, చక్రమే దండగ.

గేరు ఎంపికలో నా ఓటు 42 పళ్లకు 17. 27 అంగుళాల చక్రంతో పెడలు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 5.3 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 19 కిలోమీటర్లు. ఊళ్లో అంతకంటే ఏం కావాలి? నిటారు ఎత్తుల్లో మాత్రం లేచి నిలబడి తొక్కాల్సిందే.

అలా తొక్కేటప్పుడే కుడి నట్టు సంగతి బయటపడుతుంది. చైను లాగుడుకు ఇరుసు కుడి కొస ముందుకు జారి, టైరు ఎడమ గొట్టానికి రాసుకుంటుంది. అందుకే ముందు కుడి నట్టు బిగించి, తర్వాత చక్రాన్ని నడిమికి తెచ్చి, ఎడమది బిగిస్తారు.