కారు అంచులకు ఇంటి రంగు: చెమ్మ చూడకుంటే పెచ్చులే!

రాజమండ్రి: ఒకప్పుడు అంబాసిడర్ ఉన్న ఇంట క్రోమియం బంపరు తళతళలాడటమే దర్జా. పండుగ వచ్చిందంటే డ్రైవరు గుడ్డముక్క పట్టుకుని బంపరు ముందు కూర్చునేవాడు. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పుడు గాలి ఎదురు తిరిగింది. మెరిసే గ్రిల్లు, తలుపుల బీడింగులు, పక్క అద్దాల తొడుగులు నల్లగా మార్చుకోవడం యువకులకు సరదా అయింది. ఎండకు వెలిసి బూడిద రంగు తిరిగిన ప్లాస్టిక్ అంచులను మళ్లీ నల్లబరచుకునేవారూ ఉన్నారు. షెడ్డు కూలి మిగులుతుందని స్ప్రే డబ్బా కొని ఇంటి వద్దనే పని కానిస్తున్నారు.

అయితే గోదావరి డెల్టాలో ఈ పని చేతివాటం కన్నా వాతావరణం మీద ఎక్కువ ఆధారపడి ఉన్నది. వేసిన రోజు అద్దంలా ఉన్న రంగు ఒక్క వర్షాకాలం దాటకుండానే పెచ్చులూడితే, దానిని గీకి తిరిగి వేయించడానికి మొదట మిగిలిన కూలికి మించి ఖర్చవుతుంది. గ్రిల్లే పాడైతే కొత్తది కొనవలసిందే.

తెల్లబారేది ఇందుకే

లాకరు రంగులో కలిసే థిన్నర్ త్వరగా ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు రంగు పూసిన చోటు చల్లబడుతుంది. గాలిలో చెమ్మ ఎక్కువగా ఉంటే ఆ చల్లదనానికి నీరై తడి రంగు మీద చేరుతుంది. ఆరిన తరువాత నలుపు మీద పాలపొర వంటి తెలుపు కనబడుతుంది. దీనినే రంగు తెల్లబారడం అంటారు. కాలువలు, వరి చేలు, చేపల చెరువుల నడుమ ఉండే ఊళ్లలో ఈ బెడద ఎక్కువ. వాన ముసురు పట్టిన రోజున డబ్బా ముట్టుకోకపోవడమే మేలు.

ఏ రోజులు అనుకూలం?

జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానలు. అక్టోబరు, నవంబరులలో తుపానుల భయం. సార్వా కోతలు, నూర్పిళ్లు మొదలైతే గాలినిండా దుమ్ము, ఊక. సంక్రాంతికి భోగి మంటల బూడిద. కనుక పండుగ సందడి ముగిసిన తరువాత, జనవరి చివరి నుంచి మార్చి మొదటి వారాల వరకు రోజులు అనుకూలం. అప్పుడు కూడా తెల్లవారు జామున మంచు కురుస్తుంది. ఎండ పొడి చేసిన తరువాత, పది గంటలకు మొదలుపెట్టి మూడు గంటలలోగా ముగించాలి. మే నెల ఎండలో వేస్తే రంగు గాలిలోనే ఆరి పొడిపొడిగా పడి గరుకు తేలుతుంది.

ఉప్పు వదలాలి

కాకినాడ, ఉప్పాడ, అంతర్వేది, నరసాపురం వైపు తిరిగే కార్లకు సముద్రపు గాలిలోని ఉప్పు పడుతుంది. కంటికి కనబడని ఆ ఉప్పు రంగు కింద ఉండిపోతే చెమ్మను లాగి బొబ్బలు లేపుతుంది. తీరప్రాంత గ్రామాలలో చాలా బోర్ల నీరు ఉప్పనే. ఆ నీటితో కడిగితే కడిగిన ఫలితం ఉండదు. చివరిసారి మంచినీటితో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి.

ప్లాస్టిక్కులన్నీ ఒకటి కావు

విప్పగలిగిన భాగాన్ని విప్పి వేయడం ఉత్తమం. దాని వెనుక అచ్చులో ప్లాస్టిక్ రకం గుర్తు ఉంటుంది. ఏ.బి.ఎస్. అని ఉంటే రంగు సులువుగా పడుతుంది. పి.పి. అని ఉంటే అది పాలీప్రొపిలీన్. నల్లటి బంపరు అంచులు ఎక్కువగా ఈ రకమే. దీనికి రంగు అంటదు. ముందుగా ప్లాస్టిక్‌కు రంగు పట్టించే ప్రత్యేక ప్రైమర్ వేయాలి. క్రోమియం పూతను కూడా నునుపు పోయేదాకా వాటర్ పేపరుతో రుద్ది, దానికి తగిన ప్రైమర్ వేసిన పిమ్మటే రంగు వేయాలి. టైరు పాలిషు, మైనం జిడ్డు ఏమాత్రం మిగిలినా రంగు చేపకళ్లలా విడిపోతుంది.

చుట్టూ టేపు అంటించి, కాగితాలు కప్పాలి. 400 నుంచి 600 నంబరు పేపరుతో రుద్ది తుడవాలి. డబ్బాను జానెడు దూరంలో పట్టుకుని, చెయ్యి ఆపకుండా పలుచని పూతలు మూడు నాలుగు వేయాలి. పూతకూ పూతకూ మధ్య డబ్బా మీద రాసినంత వ్యవధి ఇవ్వాలి. ఒకేసారి దట్టంగా కొడితే కారిపోతుంది. రంగు పూర్తిగా గట్టిపడక ముందే టేపు నెమ్మదిగా తీయాలి. వారం రోజులు కడగకూడదు.

ఊపిరి జాగ్రత్త

ముక్కుకు కట్టుకునే తువ్వాలు థిన్నర్ ఆవిరిని ఆపలేదు. బొగ్గు ఫిల్టరు గల మాస్కు కావాలి. గట్టిపరిచే ద్రావణం కలిపి వేసే రెండు డబ్బాల పి.యు. రంగులలో ఐసోసయనేట్లు ఉంటాయి. ఇవి ఉబ్బసం తెప్పించగలవు. ఆ పనిని తగిన సరంజామా గల షెడ్డుకు వదిలివేయాలి. స్ప్రే ఆవిరి మండే స్వభావం గలది. వంటింటి పొయ్యి దగ్గర, మూసిన గదిలో, బీడీ కాల్చేవారి పక్కన ఈ పని చేయరాదు. పిల్లలను దూరంగా ఉంచాలి.

వీటి జోలికి పోరాదు

నంబరు ప్లేటుకు, దీపాలకు, వెనుక ఎర్రని రిఫ్లెక్టర్లకు రంగు తగలరాదు. కొత్త కార్ల బంపర్లలోని పార్కింగ్ సెన్సార్ల మీద రంగు దట్టంగా పడితే అవి సరిగా పనిచేయక పోవచ్చు. అంచుల వరకు పరవాలేదు గాని, కారు ఒంటి రంగునే మార్చదలిస్తే రవాణా శాఖ అనుమతితో ఆర్.సి.లో నమోదు చేయించాలి. రికార్డుకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తున్నది. బీమా కంపెనీకీ తెలియజేయాలి.

కొత్తగా చేయి పెట్టేవారు పాత సామాను దుకాణంలో దొరికే అద్దం తొడుగు మీద ముందుగా వేసి చూడటం మంచిది. ఆరిన తరువాత గోటితో గీకినా, టేపు అంటించి లాగినా రంగు లేవకపోతే అప్పుడు కారు దగ్గరకు వెళ్లవచ్చు. లేస్తే పోయేది పాత తొడుగే.